ఈక్వెడార్‌లోని సాలినాస్‌లో కుటుంబంతో ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉన్నారాండీ?

నమస్కారమండీ. మాది భీమవరం పక్క పల్లె. పదకొండేళ్లుగా రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల్లోనే పని. ఇప్పుడు ఈక్వెడార్‌లో, సాలినాస్ దగ్గర ఒక హేచరీ నుంచి పిలుపొచ్చింది. మన చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకి పుట్టిల్లు ఆ పసిఫిక్ తీరమే కదా, వెళ్లాలనే ఉంది.

భయమల్లా దారి గురించే. విమానం దిగేది గుయాకిల్‌లో, అదీ అర్ధరాత్రి. అక్కణ్నుంచి రోడ్డు మీద సుమారు రెండు గంటలు. 2024 జనవరిలో అధ్యక్షుడు నొబోవా ముఠాల మీదికి సైన్యాన్ని దింపినప్పటి వార్తలు మా ఆవిడ చూసింది. అప్పట్నుంచి ఇంట్లో ఆ ఊసెత్తనివ్వడం లేదు.

ఆ రాత్రికి ఎయిర్‌పోర్టు దగ్గరే హోటల్లో ఉండి తెల్లారాక బయల్దేరడం మేలా, కంపెనీ కారు పంపితే అప్పుడే వెళ్లిపోవచ్చా? రోడ్డు మీద ఆపిన టాక్సీ ఎక్కితే ఏటీఎంల చుట్టూ తిప్పి డబ్బు గుంజుతారట, నిజంగా అంత ఉందా? ఇల్లు సాలినాస్ బీచ్ వైపే తీసుకోవాలా, పక్కనే లా లిబెర్తాద్‌లో చూసుకోవచ్చా? పాపకి ఏడేళ్లు. సాయంత్రం వాళ్లమ్మతో సముద్రం ఒడ్డున మలెకోన్ (నడక దారి) మీద నడవొచ్చా?

అక్కడ నడిచేది అమెరికా డాలరే, ఆ గొడవ లేదు. అక్కడ మాట్లాడేది స్పానిష్, నాది మాత్రం ‘గ్రాసియాస్’ (థాంక్స్) దగ్గరే ఆగింది.

నెలాఖరుకి కంపెనీకి ఏదో ఒకటి చెప్పాలి. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.