ఫ్యాకల్టీకి ప్రపోజల్ రైటింగ్ శిక్షణ: ఒకరోజు వర్క్‌షాప్ చాలడం లేదు, ఇంకెలా నడపాలి?

సీమ_కెమిస్ట్రీ
మా స్టేట్ యూనివర్సిటీ ఆర్ అండ్ డీ సెల్ తరఫున రిసెర్చ్ ప్రపోజల్స్ మీద శిక్షణ పెట్టబోతున్నాం. 25 మంది అసిస్టెంట్ ప్రొఫెసర్లు. ఎక్కువమంది సైన్సు, ఇంజనీరింగ్. కొందరు సోషల్ సైన్సెస్. చాలామంది చూపు పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ మీదే ఉంది. స్కీముల పేర్లు చదివి సర్టిఫికెట్లు ఇచ్చే వర్క్‌షాపులు చాలానే అయ్యాయి. వాటి తర్వాత ప్రపోజల్ పోర్టల్ దాకా వెళ్లడం అరుదు. ఇలాంటివి నడిపినవాళ్లు, రివ్యూలు చేసినవాళ్లు వివరంగా చెప్పగలరా?

బయో_రివ్యూయర్
సర్, ముందు శిక్షణను ఒక రోజు నుంచి ఆరు వారాలకు మార్చండి. వారానికి రెండు గంటలు చాలు. ఒక పేజీ కాన్సెప్ట్ నోట్ రాసి తెచ్చినవాళ్లకే సీటు. ఆ పేజీలో నాలుగు విషయాలుండాలి: ఇప్పటిదాకా తెలియనిదేమిటి, దాన్ని ఏ ప్రయోగంతో తేలుస్తారు, మీ చేతిలో ఇప్పటికే ఏముంది, లేనిదేమిటి. 25 మందిని ఒకే హాల్లో కూర్చోబెడితే అది ఉపన్యాసం అయిపోతుంది. అయిదుగురి చొప్పున జట్లు చేసి, ఒక్కో జట్టుకు ప్రాజెక్టు పూర్తిచేసిన సీనియర్ ఒకరిని పెట్టండి.

నా చేతికి వచ్చే ప్రపోజల్స్‌లో ఇంగ్లిష్ వల్ల పోయేవి తక్కువ. ఆబ్జెక్టివ్స్ దగ్గరే ఎక్కువ పోతాయి. "ఫలానా మొక్క గుణాలను అధ్యయనం చేయడం" అంటే అది చేసే పని మాత్రమే, తేల్చే ప్రశ్న కాదు. ఏ సమ్మేళనం, ఏ ఎంజైమ్ మీద, ఏ గాఢతలో, దేనితో పోల్చి చూస్తారో అందులోనే కనిపించాలి. ఆబ్జెక్టివ్స్ మూడు చాలు, నాలుగు దాటకూడదు. రెండోది, మూడోది మొదటిదాని విజయం మీదే నిలబడితే రివ్యూయర్ అక్కడే ఆగిపోతాడు: మొదటిది ఫెయిలైతే మూడేళ్లు ఏం చేస్తారు? అందుకని ప్రత్యామ్నాయ మార్గం రెండు వాక్యాల్లోనైనా రాయించండి.

నాలుగో వారంలో మాక్ రివ్యూ పెట్టండి. వేరే విభాగాలవాళ్లు ముగ్గురికి సమ్మరీ ఒక్కటే ఇచ్చి, ఈ ప్రాజెక్టు ఏం తేల్చబోతోందో ఒక వాక్యంలో రాయమనండి. మూడు వాక్యాలు మూడు రకాలుగా వస్తే సమ్మరీ మళ్లీ మొదటి నుంచి రాయాలి. దీన్ని మించిన పరీక్ష నాకు కనబడలేదు.

బడ్జెట్_డెస్క్
పైన చెప్పినదంతా సరే. బడ్జెట్‌కు మాత్రం ఒక పూట విడిగా కేటాయించండి, ఫైనాన్స్ సెక్షన్ నుంచి ఒకరిని కూర్చోబెట్టండి. చాలామంది మొత్తం అంకె ముందు అనుకుని, దానికి తగ్గట్టు లోపల సర్దుతారు. చేయాల్సింది తిరగేసి.

ప్రాజెక్టులో పనిచేసే జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలో) లెక్క చూడండి. 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000, మూడో ఏడాది ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రిసెర్చ్ ఫెలో)గా 42,000. మూడేళ్లకు ఫెలోషిప్ 8,88,000 + 5,04,000 = 13,92,000. హాస్టల్ ఇవ్వకపోతే దీనిమీద హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం), కేంద్ర ప్రభుత్వ రేట్ల ప్రకారం. హైదరాబాద్‌కు 30 శాతం. విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, వరంగల్‌కు 20. మిగతా ఊళ్లకు 10. అంటే ఒకే మనిషికి హైదరాబాద్‌లో 18,09,600, తిరుపతిలో 15,31,200. వేరే ఊరివాళ్ల పాత ప్రపోజల్ నుంచి అంకెలు దించుకుంటే ఇక్కడే దెబ్బతింటారు.

పరికరాల విషయం ఇంకా ముఖ్యం. పరిశోధన సంస్థలకు ఉన్న 5 శాతం జీఎస్టీ రాయితీ 2022 జులై 18తో పోయింది. ఇప్పుడు చాలా పరికరాలకు 18 శాతం. 20 లక్షల పరికరానికి ట్యాక్సే 3,60,000. పాత కొటేషన్ పెట్టి మంజూరు తెచ్చుకుంటే ఆ తేడా కన్స్యూమబుల్స్ నుంచి తీయాలి, హెడ్ (బడ్జెట్ పద్దు) మార్చడానికి అనుమతి కోసం రాసుకోవాలి. కొటేషన్‌లోనే మూడేళ్ల వారంటీ, ఇన్‌స్టలేషన్, యూపీఎస్ అడగండి. కాల్‌లో (ప్రపోజల్స్ కోరే ప్రకటనలో) ఏఎంసీకి, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందానికి, విడిగా హెడ్ లేకపోతే తర్వాత రిపేరుకు డబ్బు దొరకదు.

ఊరూరా_సర్వే
సోషల్ సైన్సెస్‌వాళ్లను అదే గదిలో కూర్చోబెట్టకండి మేడమ్, సర్. మాకు పరికరం ఉండదు. శాంపిల్, ఫీల్డ్‌వర్క్ రోజులే మా బడ్జెట్. "రెండు జిల్లాల్లో 400 కుటుంబాలు" అని రాస్తారు, 400 ఎందుకో రాయరు. ఏ మండలాలు, ఎలా ఎంచుకున్నారు, కౌలురైతులు, వలస వెళ్లినవాళ్లు జాబితాలో లేకపోతే ఏం చేస్తారు అన్నవి రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్నలు.

ఒక్కో ఇంట్లో ప్రశ్నావళి నింపడానికి 45 నిమిషాలైతే, ఇళ్లు వెతుక్కోవడం, మనుషులు పొలం నుంచి వచ్చేదాకా ఆగడం కలుపుకొని ఒక ఇన్వెస్టిగేటర్ రోజుకు అయిదు చేయగలరు. 400 అంటే 80 పనిదినాలు. ఇద్దరైతే 40 రోజులు. దానికి ప్రయాణం, బస, తర్వాత డేటా ఎంట్రీ, చెకింగ్. నాట్లు, కోతల రోజుల్లో పెట్టుకుంటే ఇంకా సాగుతుంది. ప్రశ్నావళి తెలుగులో తయారుచేసి 20 ఇళ్లలో పైలట్ చేశాకే అసలు పని మొదలవుతుందని టైమ్‌లైన్‌లో చూపించాలి. సోషల్ సైన్సెస్ పరిశోధనకు నిధులిచ్చే ఐసీఎస్ఎస్ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. ఐసీఎస్ఎస్ఆర్ సొమ్ముతో ఫ్యాకల్టీకి కెపాసిటీ బిల్డింగ్ కార్యక్రమాలు కూడా జరుగుతుంటాయి. పంపే ముందు కోర్సులో సొంత డ్రాఫ్ట్ మీద పని చేయిస్తారా అని అడగండి.

గుంటూరు_ఈసీఈ
ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మా దగ్గర ఆర్ అండ్ డీ సెల్ పేరుకే ఉంటుంది.

ఫైల్_కదిలించేవాడు
@గుంటూరు_ఈసీఈ గారూ, ఆర్ అండ్ డీ సెల్ మీద యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. మేనేజ్‌మెంట్‌ను అడగడానికి అది చేతిలో పెట్టుకోండి. ట్రస్టు, సొసైటీ కాలేజీలైతే ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్) ఐడీ, ఏఐసీటీఈ అనుమతి పత్రం, పాన్, ఆడిట్ అయిన ఖాతాలు ఒక ఫోల్డర్‌లో ముందే ఉంచండి. కాల్ వచ్చాక వీటి వెంట తిరిగితే ప్రపోజల్ రాసే టైమ్ పోతుంది. టేర్ (కాలేజీ ఫ్యాకల్టీ పెద్ద సంస్థలో పరిశోధన చేసుకునే స్కీము) లాంటిది తెరిచినప్పుడు ఐఐటీలోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో హోస్ట్‌ను పట్టుకోవడం మీలాంటివారికి మంచి దారి. ఏఎన్ఆర్ఎఫ్‌కు ముందున్న ఎస్ఈఆర్‌బీ రోజుల్లో అందులో ఏడాదికి 5 లక్షల రిసెర్చ్ గ్రాంట్, సగం హోస్ట్‌కు, సగం సొంత కాలేజీకి. హోస్ట్‌కు మెయిల్ రాసేటప్పుడు బయోడేటా ఒక్కటే పంపితే జవాబు రాదు. వాళ్ల ల్యాబ్‌లో ఏ పరికరం మీద ఏం కొలవాలో అర పేజీ రాయండి.

ఇక అందరికీ: పోర్టల్ మూసే తేదీకి 10 పనిదినాల ముందు లోపలి గడువు పెట్టండి, దాటితే ఎండార్స్‌మెంట్ (సంస్థ సమ్మతి పత్రం) ఇవ్వకండి. కఠినంగా ఉన్నా ఇదే కాపాడుతుంది. కో-పీఐ (సహ పరిశోధకుడు) వేరే సంస్థలో ఉంటే అక్కడి అధిపతి సంతకం కూడా కావాలి, అది ఎప్పుడూ చివరికే వస్తుంది. ఫార్మాట్ ప్రతిసారీ కొత్త కాల్ నుంచే దించుకోండి. ఎస్ఈఆర్‌బీ ఏఎన్ఆర్ఎఫ్‌లో కలిసిపోయాక కూడా పాత పేరుతోనే ఎండార్స్‌మెంట్లు టైప్ అవుతున్నాయి. జంతువుల మీద పనైతే ఎథిక్స్ కమిటీ, రీకాంబినెంట్ డీఎన్ఏ అయితే బయోసేఫ్టీ కమిటీ. ఇవి ఎప్పుడు కూర్చుంటాయో ఏడాది క్యాలెండర్‌లో వేసి పెట్టండి.

సీమ_కెమిస్ట్రీ
చాలా ఉపయోగం. డబ్బిచ్చి బయట ఏజెన్సీతో రాయిద్దామని మా దగ్గర కొందరు అంటున్నారు. ఏమంటారు?

బయో_రివ్యూయర్
నేను ఒప్పుకోను. ప్రెజెంటేషన్‌కు పిలిస్తే కమిటీ ముందు నిలబడేది పీఐ, అంటే ప్రాజెక్టు ప్రధాన పరిశోధకుడు. రెండో ఆబ్జెక్టివ్‌లో కంట్రోల్ ఏమిటని అడిగితే, రాయనివాళ్లు చెప్పలేరు. భాష సరిచేయించుకోవడం వేరు.

బడ్జెట్_డెస్క్
భాష వరకైతే నాకూ అభ్యంతరం లేదు. ఆ డబ్బు పెట్టి ఆర్ అండ్ డీ సెల్‌లో లెక్కలు తెలిసిన ఒక మనిషిని పెట్టుకోవడం ఇంకా మేలు. మంజూరయ్యాక కూడా ఆ మనిషే కావాలి. డిసెంబరులో డబ్బొస్తే మార్చి 31కే మొదటి యూసీ (డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్), జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో. నోటిఫికేషన్, సెలెక్షన్ కమిటీ అయ్యి జేఆర్ఎఫ్ చేరేసరికి మూడు నాలుగు నెలలు పడుతుంది, మ్యాన్‌పవర్ హెడ్‌లో డబ్బు మిగిలిపోతుంది, దానిమీద వడ్డీ విడిగా చూపించాలి. యూసీ ఆగితే రెండో విడత ఆగుతుంది, ఫెలోకు జీతం ఆగుతుంది. మంజూరు లెటర్ రాకముందే రిక్రూట్‌మెంట్ నోటిఫికేషన్ డ్రాఫ్ట్ సిద్ధం చేసుకోమని శిక్షణలోనే చెప్పండి.

ఊరూరా_సర్వే
తిరస్కరణ వచ్చినవాళ్లకు కూడా ఒక సెషన్ పెట్టండి. రివ్యూ వ్యాఖ్యలను మూడు గడుల పట్టికలో వేయాలి: వ్యాఖ్య, ఒప్పుకుంటామా లేదా, ఎక్కడ మార్చాం. ఇద్దరు రివ్యూయర్లు ఒకే అనుమానం వెలిబుచ్చితే దాన్ని డిజైన్‌లోనే సరిదిద్దాలి, వాక్యాలు మార్చి లాభం లేదు.

సీమ_కెమిస్ట్రీ
చివరిది ఒకటి. జట్టుకొక సీనియర్ అన్నారు. వాళ్లు టైమ్ ఇవ్వాలంటే ఎలా?

ఫైల్_కదిలించేవాడు
రిజిస్ట్రార్ ఆర్డర్ తీయించండి: ఆ ఆరు వారాలు వారానికి రెండు గంటల క్లాసు భారం తగ్గింపు, పేరుతో సహా. నోటిమాట మీద ఒప్పుకున్న సీనియర్లు రెండో వారానికే పరీక్షల డ్యూటీలోకి వెళ్లిపోతారు. సెమిస్టర్ టైమ్‌టేబుల్ వేయకముందే ఆర్డర్ హెచ్ఓడీలకు చేరాలి.