చర్చ్‌గేట్ కొస స్టేషనుగా ఎందుకు మారింది? కొలాబా లైను ఏమైంది?

ప్రశ్న – తీరరేఖ

ముంబైలో పశ్చిమ రైల్వే లోకల్ మార్గానికి దక్షిణపు కొస చర్చ్‌గేట్. నగరం మాత్రం అక్కడితో ముగియదు. నారిమన్ పాయింట్, కఫ్ పరేడ్, కొలాబా ఇంకా దక్షిణాన ఉన్నాయి, ఉదయం లోకల్ దిగిన ఉద్యోగుల్లో చాలామంది అటువైపే నడిచో, బస్సో టాక్సీయో పట్టుకునో వెళ్తారు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల బొంబాయి పటాల్లో పట్టాలు చర్చ్‌గేట్ దాటి కొలాబా దాకా సాగుతూ కనిపిస్తాయి. ఉన్న లైనును తీసివేసి, నడుమ ఉన్న స్టేషనును కొసగా ఎందుకు చేశారు? సముద్రాన్ని పూడ్చే పథకం కోసమేనని చాలాచోట్ల ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. కొత్త నేల ఏర్పడితే అక్కడికి రైలు అవసరం పెరగాలి కదా, ఉన్న రైలును తీసివేయడం ఏమిటన్నది నా సందేహం.

జవాబు – పాతపట్టాలు

తీరరేఖ గారూ, ముందు ఆ లైను అక్కడికి ఎలా వచ్చిందో చూస్తే, ఎందుకు పోయిందో సులువుగా అర్థమవుతుంది.

1855లో ఏర్పడిన బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీ గుజరాత్‌లో పని మొదలుపెట్టి, లైను వేసుకుంటూ దక్షిణానికి దిగింది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ 1853లోనే బోరీబందర్ నుంచి ఠాణేకు రైలు నడిపి ద్వీపం తూర్పు భాగంలో స్థిరపడిపోవడంతో, ఈ కంపెనీకి పడమటి తీరమే దక్కింది. 1864లో గ్రాంట్ రోడ్ దాకా వచ్చారు. 1867 ఏప్రిల్ 12న విరార్, బ్యాక్‌బేల (బ్యాక్‌బే అంటే ద్వీపపు పడమటి వైపున్న సముద్రపు వంపు) మధ్య రోజుకు ఒక్క లోకల్ రైలుతో సబర్బన్ సేవ మొదలైంది. గవర్నర్ బార్టిల్ ఫ్రెయర్ కాలంలో పాత కోటగోడలు కూల్చాక ఆ గోడకు పడమటనున్న ఖాళీ మైదానాలు నగరంలో కలిసిపోతున్న రోజుల్లో, 1870లో చర్చ్‌గేట్ స్టేషను తెరిచారు. అదే దశాబ్దంలో లైను కొలాబా చేరింది. 1896లో అక్కడ పెద్ద టెర్మినస్ వచ్చింది. అప్పటికి మెరీన్ డ్రైవ్ లేదు. రైలు దాదాపు అలల పక్కనే నడిచేది.

కొలాబాకు లైను వెళ్లింది ప్రధానంగా పత్తి కోసమని నా అభిప్రాయం. పత్తి నిల్వలు, వేలాలు జరిగే కాటన్ గ్రీన్ అప్పట్లో కొలాబాలో ఉండేది. గుజరాత్ పత్తి బండ్లు నేరుగా అక్కడ దిగేవి. 1920ల్లో ఆ వ్యాపారం సెవ్రీ వైపుకు, అంటే ఇప్పటి కాటన్ గ్రీన్ ప్రాంతానికి తరలిపోయింది. గూడ్సు బండ్లకు కొలాబాతో పని తగ్గిన ఆ పదేళ్లలోనే బ్యాక్‌బే పూడిక పథకమూ నడిచింది. పూడ్చిన నేలను ప్రభుత్వం అమ్మి ఖర్చు రాబట్టుకోవాలి; పాత ఊరికీ కొత్త నేలకీ మధ్య ఆవిరి ఇంజన్ల యార్డు, పట్టాల గుంపు అడ్డుగోడలా నిలిస్తే ఆ నేలకు ధర పలకదు. మీ సందేహానికి సమాధానం ఇక్కడే ఉంది. కొత్త నేలకు రైలు అక్కర్లేదని ఎవరూ అనుకోలేదు, రైలు కింద ఉన్న నేల విలువ రైలు కంటే ఎక్కువగా కనబడింది. కొలాబా టెర్మినస్‌లో 1930 డిసెంబరు 31తో రాకపోకలు ఆగిపోయాయి.

జవాబు – రెండుక్యాబిన్లు

పాతపట్టాలు గారు చెప్పినవన్నీ నిజమే అయినా, పూడిక పథకానికే మొత్తం కారణాన్ని అంటగట్టడం సరికాదు. ప్రభుత్వం స్థలం అడగడం ఒక ఎత్తయితే, ఆ స్థలం వదులుకున్నా రైళ్లు నడిపే వీలు కంపెనీకి దొరకడం మరొక ఎత్తు. ఆ వీలు కల్పించినవి కరెంటు, బొంబాయి సెంట్రల్.

ఆవిరి రోజుల్లో కొస స్టేషను అంటే ప్లాట్‌ఫారాలు ఉంటే చాలదు. వచ్చిన ఇంజన్ బండి ముందు ఇరుక్కుపోతుంది. దాన్ని విప్పి, పక్క పట్టా మీదుగా వెనక్కి తెచ్చి, అవసరమైతే టర్న్‌టేబుల్ మీద తిప్పి, నీళ్లు పట్టి, బొగ్గు నింపి రెండో కొసకు తగిలించాలి. చర్చ్‌గేట్ దగ్గర అంతటి జాగా లేదు, కొలాబాలో ఉండేది. 1928 జనవరి 5న కొలాబా నుంచి బోరివలి దాకా 1500 వోల్టుల డీసీ విద్యుత్ రైళ్లు మొదలయ్యాక ఈ లెక్క మారింది. విద్యుత్ లోకల్‌కు రెండు కొసల్లోనూ బండి నడిపే క్యాబిన్లు ఉంటాయి కాబట్టి ఇంజన్ మార్చే పని లేదు. వచ్చిన బండిని రెండో కొస నుంచి మరో మోటర్‌మన్ కొద్ది నిమిషాల్లోనే వెనక్కి నడిపించగలడు. ఈరోజుకీ చర్చ్‌గేట్ నాలుగే ప్లాట్‌ఫారాలతో అంత రద్దీని మోయగలగడానికి ఇదే మూలం. అలాగని కొస స్టేషనుకు దాని ప్రమాదం దానికి లేకపోలేదు: 2015 జూన్ 28న ఒక లోకల్ ఆగవలసిన చోట ఆగక, పట్టాల చివరి అడ్డు అయిన బఫర్‌ను గుద్దుకుని ప్లాట్‌ఫారం మీదికి ఎక్కింది.

ఇక దూరప్రయాణపు బండ్లు. 1928లో పెషావర్‌కు మొదలైన ఫ్రాంటియర్ మెయిల్ కూడా కొలాబా నుంచే బయలుదేరేది. అలాంటి పొడవాటి ఆవిరి బండ్లకు చర్చ్‌గేట్ సరిపోదు. అందుకే వాస్తుశిల్పి క్లాడ్ బాట్లీ రూపకల్పనతో బొంబాయి సెంట్రల్ కట్టి 1930 డిసెంబరు 18న తెరిచారు. కొలాబా మూత పడింది ఆ తర్వాత రెండు వారాలకే. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. అప్పటిదాకా ఒకే మార్గం మీద కలిసి నడిచిన మెయిల్ బండ్లకూ లోకల్ బండ్లకూ వేర్వేరు కొసలు ఏర్పడ్డాయి, చర్చ్‌గేట్ పూర్తిగా లోకల్ స్టేషను అయింది. విద్యుత్ తీగలు వేసిన మూడేళ్లకే కొలాబా ముక్కను పీకేయడం మాత్రం వింతే. ఆ ఖర్చుకు అప్పట్లో ఎవరు జవాబు చెప్పారో గానీ!

తీరరేఖ

ఇద్దరికీ ధన్యవాదాలు. టర్న్‌టేబుల్ సంగతి నాకు తట్టనే లేదు. మరొక్క మాట: కొలాబా స్టేషను ఉన్న చోట ఇప్పుడేముంది? లైనును మళ్లీ దక్షిణానికి పొడిగించే అవకాశం ఉందా?

జవాబు – పాతపట్టాలు

రెండుక్యాబిన్లు గారి సవరణను ఒప్పుకుంటున్నాను, దానికి బలం చేకూర్చే ఆధారం ఒకటి ఉంది. విక్టోరియా టెర్మినస్‌ను రూపొందించిన ఎఫ్. డబ్ల్యూ. స్టీవెన్స్ చేతనే బాంబే, బరోడా కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని 1899 నాటికి కట్టించుకుంది. అది కొలాబాలో కాదు, చర్చ్‌గేట్ ఎదుట ఉంది. 1951లో పశ్చిమ రైల్వే ఏర్పడినప్పుడు దాని ప్రధాన కార్యాలయమూ ఆ భవనమే అయింది. అంటే టెర్మినస్ కొలాబాలో ఉన్న రోజుల్లోనే పెత్తనం చర్చ్‌గేట్‌లో ఉండేదన్నమాట.

కొలాబా స్టేషను స్థలంలో ఇప్పుడు రైల్వే అధికారుల నివాసాలున్న బధ్వార్ పార్క్ ఉంది. స్టేషను పోయినా ఆ ముక్క రైల్వే చేతిలోనే మిగిలింది. మధ్యలోని దారి మాత్రం రోడ్ల కిందికీ భవనాల కిందికీ వెళ్లిపోయింది కనుక నేలమీద పొడిగింపు అన్న మాట మరిచిపోవచ్చు. నేల కింద ఆ పని వేరే పేరుతో జరిగిపోయింది: మెట్రో మూడో మార్గం చివరి భాగాన్ని 2025 అక్టోబరులో తెరిచాక, చర్చ్‌గేట్ నుంచి విధాన్ భవన్ మీదుగా కఫ్ పరేడ్ దాకా సొరంగంలో రైళ్లు నడుస్తున్నాయి.