పాత జిప్సీకి పెద్ద టైర్లు వేయించాలా? ర్యాలీకి వెళ్లాలనుంది, సలహా కావాలి

బెజవాడ జిప్సీ:

అందరికీ నమస్తే, మాది పటమట. మూడు నెలల కింద ఒక మారుతి జిప్సీ కొన్నా, 2006 మోడల్, ఎంపీఎఫ్ఐ ఇంజన్, సాఫ్ట్ టాప్. చిన్నప్పుడు మా వీధికి ఎస్సై గారు జిప్సీలో వచ్చేవాడు, అప్పట్నుంచీ ఉన్న పిచ్చి ఇప్పటికి తీరింది. ఇంట్లో ఎవరికీ నచ్చలా అనుకోండి. ఏసీ లేదు, మా ఆవిడ బెంజ్ సర్కిల్ దగ్గర ఎక్కి మంగళగిరిలో దిగిపోయి మిగతా దూరం బస్సులో వస్తానంది.

అసలు సంగతి ఏంటంటే పోయిన నెల వాన పడ్డాక ఒక ఆదివారం తుళ్లూరు అవతల ఒక డొంకలోకి దించా, నల్లరేగడి అని తెలుసు, అయినా ఫోర్ వీల్ డ్రైవ్ ఉందిగా అన్న ధైర్యం. యాభై అడుగులు కూడా పోలా, దిగబడింది. ఫోర్ హై పెట్టా, ఫోర్ లో (ఎక్కువ బలానికి మెల్లగా పోయే గేరు) పెట్టా, కదల్లా. వెనక చక్రాలు గిర్రున తిరుగుతా గుంట తవ్వుకుంటన్నాయి, వెనక నుంచుని తోస్తున్న మా ఫ్రెండ్ చొక్కా రంగే మారిపోయింది. చివరికి పత్తి చేలో ఉన్న రైతు ట్రాక్టర్ తెచ్చి లాగాడు. డబ్బులిస్తే తీసుకోలా గానీ పోతా పోతా "దీన్ని ఫోర్ వీల్ అంటారా?" అన్నాడు చూడండి, అది ఇంకా గుచ్చుకుంటానే ఉంది.

అందుకని ఇప్పుడు గట్టిగా చేయిద్దామని. 235/75 సైజు మడ్ టైర్లు, రెండంగుళాల లిఫ్టు, ముందు బుల్ బార్ (బంపర్ ముందు ఇనప కమ్మీలు), పైన లైట్లు, కుదిరితే స్నార్కెల్ (నీళ్లలో దిగినా ఇంజన్‌కి పైనుంచి గాలి అందే గొట్టం). బడ్జెట్ లక్షన్నర. ఏడాది లోపు ఏదన్నా అమెచ్యూర్ ర్యాలీలో పేరు ఇవ్వాలని కోరిక. ముందు టైర్లా లిఫ్టా? మన ఆటోనగర్‌లో ఇదంతా అయ్యే పనేనా?

గుంటూరు ఘాటు:

ముందు ఆ రైతుకి ఒక దణ్ణం పెట్టు బ్రో. నల్లరేగడి తడిస్తే ట్రాక్టరోళ్లే ఆలోచిస్తారు, నువ్వు స్నార్కెల్ పెట్టుకుని ఏం చేస్తావు, కృష్ణలో మునుగుతావా?

నేను కూడా ఇదే రూట్లో పోయా ఒకప్పుడు, పాత మహీంద్రా మేజర్ జీపు కొని ముందు లైట్లు, స్టిక్కర్లు, కొమ్ముల్లాంటి బంపర్ అన్నీ పెట్టించా. ఫొటోలకి బ్రహ్మాండంగా ఉండేది. కొండవీడు ఘాట్ ఎక్కి దిగేటప్పుడు బ్రేకు తొక్కితే బండి కుడి పక్కకి లాగేసింది, అటు పక్క లోయ. ఇంటికొచ్చాక లైట్లు అమ్మేసి ఆ డబ్బుల్తో బ్రేకులు చేయించా.

ఆటోనగర్ షెడ్డు:

తమ్ముడూ మాకు ఆటోనగర్‌లో షెడ్డు ఉంది, నాన్న రోజుల్నుంచీ జీపుల పనే. నీ పోస్టులో ఒక్క మాట దగ్గర ఆగిపోయా. వెనక చక్రాలు తిరుగుతున్నాయి అన్నావు, మరి ముందు చక్రాల సంగతి ఏంది? అవి తిరిగినయ్యా? ఎవరన్నా చూశారా?

నీ బండికి ముందు చక్రాల మధ్యలో హబ్ లాక్‌లు, అంటే చక్రాన్ని లోపలి షాఫ్ట్‌తో కలిపే మూతలు ఉంటే, ఫోర్ వీల్ లివర్ వేసినంత మాత్రాన సరిపోదు, కిందకి దిగి రెండు హబ్‌లూ చేత్తో లాక్ చేయాలి. అది చేసినా సరే, ఏళ్ల తరబడి వాడకపోతే లోపల గ్రీజు గడ్డకట్టి రింగు జరగదు, పైన మూత మాత్రం చక్కగా లాక్ వైపుకి తిరిగిద్ది, నువ్వేమో పడింది అనుకుంటావు. ఇక్కడ ఇంకో కిటుకు ఉంది. ముందు డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచేది) ఓపెన్ టైపు, ఏ వైపు తేలిగ్గా తిరిగితే ఆ వైపుకే తిప్పిద్ది. ఒక హబ్ పట్టకపోతే ఆ వైపు షాఫ్ట్ లోపల ఉత్తినే తిరుగుతా ఉంటది, చక్రం నిలబడి చూస్తా ఉంటది, రెండో వైపు హబ్ బంగారంలా ఉన్నా దానికీ బలం అందదు. ఒక్క హబ్ పోతే ముందు రెండు చక్రాలూ పోయినట్టే లెక్క. అంటే నువ్వు ఆ రోజు వెనక రెండు చక్రాల బండితో బురదలో దిగావన్నమాట, ఆ రైతు అన్నది కరెక్టే అయ్యుండొచ్చు.

చూసుకోవడం తేలికే. గట్టి నేల మీద ఆపి వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టు, ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టు, ఒక్క జాకీని నమ్ముకుని కింద దూరమాకు. ఇంజన్ ఆపి ఫోర్ వీల్‌లో వేసి, గేర్‌లో ఉంచి, రెండు హబ్‌లూ లాక్ చెయ్యి. ఇప్పుడు చేత్తో ఒక చక్రం ముందుకి తిప్పితే రెండోది వెనక్కి తిరగాలి. తిరగలేదా, రెండిట్లో ఏదో ఒకటి పట్టట్లేదు, విప్పి చూసుకోవడమే. కిరసనాయిలుతో కడిగి పలచగా గ్రీజు పెడితే చాలాసార్లు బతుకుతాయి. లేకపోతే హబ్ మార్చాలి, అదైనా నీ టైర్ల ఖర్చులో మూలకి రాదు.

ఇక లిఫ్టు. కమాన్ కట్టల బండి అది, ముందూ వెనకా. షాకిల్ (కమాన్‌ని చాసీకి కలిపే ముక్క) పొడుగు చేసో, అదనంగా పట్టీలు వేసో లేపుతారు, లేపగానే యాక్సిల్ వాలు మారిద్ది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారిద్ది, స్టీరింగ్ తేడా వస్తది, షాఫ్ట్ కీళ్లలో ఉండే క్రాస్‌లు తొందరగా పోతాయి. జిప్సీ అసలే సన్నంగా ఎత్తుగా ఉంటది, ఇంకా లేపితే మలుపులో మొగ్గుద్ది. మా దగ్గరకి లిఫ్టు కోసం వచ్చిన వాళ్లలో సగం మందికి కమాన్ బుష్‌లు, షాకులు కొత్తవి వేసి పంపిస్తాం, పాత కమాన్ కుంగిపోయి ఉంటది గదా, అది సరిచేస్తే బండి దానంతటదే లేచిద్ది.

మన ఎండలకి ముందు రేడియేటర్ తీయించి కడిగించు. చాలామంది బోరు నీళ్లు పోస్తారు, లోపల సున్నం కట్టిద్ది, మే నెల్లో ఫోర్ లోలో మెల్లగా పోతా ఉంటే సూది పైకే. కూలెంట్ పోయించు. కాళ్ల కింద మ్యాట్ తీసి తుప్పు చూడు. చాసీ మీద ఎవరన్నా వెల్డింగ్ అతుకులు వేశారేమో చూడు. బ్రేకు గొట్టాలు, వీల్ బేరింగులు. ఇవన్నీ అయ్యాక మిగిలితే టైర్లు.

ఇంకోటి మర్చిపోయా, తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పమాకు. మధ్యలో డిఫరెన్షియల్ లేదు దీనికి, మలుపులో ముందు చక్రాలు ఒక దూరం వెనకవి ఒక దూరం పోవాలి, పోలేక లోపల మెలిపడతది. వాన మట్టి ఇసుక అయితే జారి సర్దుకుంటది, తారు మీద ఏదో ఒకటి విరగాల్సిందే.

బెజవాడ జిప్సీ:

అన్నా హబ్‌లు రెండూ లాక్ వైపుకే తిప్పా, అది గుర్తుంది. కానీ ఎడమ వైపుది చాలా తేలిగ్గా తిరిగింది, బాగా పని చేస్తంది కాబోలు అనుకున్నా 😅 ఆదివారం చూస్తా.

పక్క సీటు (గుంటూరు):

నేను డ్రైవర్ని కాదండీ, నావిగేటర్ని, పక్కన కూర్చుని దారి, టైము లెక్క చెప్పే మనిషిని. ర్యాలీ అన్నారు కాబట్టి ఆ వైపు చెప్తా, ఎందుకంటే ఇక్కడ అందరూ బండి గురించే మాట్లాడతారు, పక్కన కూర్చునే వాళ్ల గురించి ఎవరూ అడగరు. 2019లో ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్‌కి అర్జున అవార్డు వచ్చినప్పుడు అందరూ ఆయన పేరే తలుచుకున్నారు, మోటార్ స్పోర్ట్స్‌లో మొదటి అర్జున కదా, తప్పు లేదు, కానీ కాసరగోడు మూసా షరీఫ్ లాంటి కో-డ్రైవర్, అదే నావిగేటర్, ఎంతమందికి తెలుసు?

మీరు మొదలెట్టాల్సింది టీఎస్‌డీ ర్యాలీతో, టైమ్ స్పీడ్ డిస్టెన్స్. ఇది స్పీడు పోటీ కాదు. రోడ్ బుక్ ఇస్తారు, అందులో ప్రతి మలుపుకీ ట్యులిప్ అనే చిన్న బొమ్మ, పక్కన దూరం, ఏ ముక్కలో ఎంత యావరేజ్ స్పీడులో పోవాలో ఉంటది. దారిలో ఎక్కడో ఒక చోట తెలియకుండా టైమ్ చూసే పాయింట్లు పెడతారు. లేటైతే పెనాల్టీ, ముందు వచ్చినా పెనాల్టీ, చాలా చోట్ల ముందు వస్తేనే ఎక్కువ వేస్తారు. నా మొదటి ర్యాలీలో ఒక టీ జంక్షన్ బొమ్మని తిరగేసి చదివి మా అన్నయ్యని నేరుగా ఒక పెళ్లి పందిట్లోకి తీసుకెళ్లా. వాళ్లు మమ్మల్ని పెళ్లికొడుకు తరఫు అనుకుని కాఫీ ఇచ్చారు. కాఫీ తాగాం, పెనాల్టీ కూడా తిన్నాం.

ఇప్పుడు మీ టైర్ల సంగతి. కంపెనీ సైజు 205/70 ఆర్15, అంటే ఎత్తు లెక్కేస్తే 668 మిల్లీమీటర్లు. మీరు అడుగుతున్న 235/75 ఆర్15 అయితే 733 దాటిద్ది. దాదాపు 10 శాతం పెద్దది. మీటరుకి ఇది తెలియదు కదా, అది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అదే లెక్కేసిద్ది, కాబట్టి 10 కిలోమీటర్లు చూపించేసరికి మీరు నిజంగా 980 మీటర్లు ఎక్కువ పోయి ఉంటారు. రోడ్ బుక్‌లో 36 యావరేజ్ ఇచ్చారనుకోండి, అంటే సెకనుకి 10 మీటర్లు. మీటరు చూసుకుంటా సరిగ్గా 36లో పోతున్నా అనుకుంటారు, కానీ 10 కిలోమీటర్లు అయ్యేసరికి మీరు 98 సెకన్లు ముందున్నారు. సెకన్ల మీద పోటీ పడేచోట ఇది మామూలు తేడా కాదు. స్టార్ట్‌కి ముందు కొలిచిన దూరం ఒకటి ఇస్తారు, దాంట్లో మీ మీటరు ఎంత చూపించిందో చూసుకుని, ఆ తేడాని బట్టి ప్రతి లెక్కనీ సరిచేసుకోవాలి. అది వచ్చాక ఏ సైజు టైరు అయినా ఫర్వాలేదు గానీ కొత్తలో కంపెనీ టైర్లతో నేర్చుకోండి. పైగా పెద్ద టైరుకి అదే 80 హార్స్‌పవర్ ఇంజన్, పికప్ చచ్చిపోయిద్ది, బ్రేకు కూడా అంత తొందరగా పట్టదు.

హిమాలయాల్లో జరిగే రెయిడ్ డి హిమాలయా ర్యాలీ 1999లో మొదలైంది, అందులో ఎన్నేళ్లు జిప్సీలు రాజ్యం ఏలాయో చూస్తే ఈ బండికి అసలు ఏం కావాలో అర్థమవుతుంది. బరువు తక్కువ, పార్ట్స్ దొరుకుతాయి, విరిగినా దారిలో బాగు చేసుకోవచ్చు.

స్పీడు మీదే పోటీ ఉండే స్టేజీలకి వెళ్లాలంటే మాత్రం ఇంకో కథ, ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశ మోటార్ స్పోర్ట్స్ సంఘం) లైసెన్సు, హెల్మెట్, మంటలార్పే సిలిండర్, రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా లోపలి వాళ్లని కాపాడే పైపుల పంజరం) ఉండాలి. కేజ్ అంటే గేటు పైపులు వంచి వెల్డింగ్ పెట్టేది కాదు, ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్స్ సంస్థ) రూల్ ప్రకారం అతుకు లేని స్టీలు పైపు, మెయిన్ బార్ 45 మిల్లీమీటర్లు, మందం 2.5. అది పెట్టుకుని హెల్మెట్ లేకుండా రోజూ తిరగొద్దు, చిన్న గుద్దుకే తల ఆ పైపుకి కొట్టుకుంటుంది.

కాగితాలు సరిగా ఉన్నాయా:

రసం పాడుచేసేవాడిని అనుకోకండి, ఎవరో ఒకరు చెప్పాలి. బుల్ బార్ మర్చిపోండి, 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వద్దంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేట్టు బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మీది 2006 అంటే 15 ఏళ్లకి 2021లో రెన్యువల్ అయ్యుంటది, ఐదేళ్లకి ఇస్తారు, ఆ గడువు అయ్యాక మళ్లీ ఆర్టీఏ ముందు బండి నిలబెట్టాలి. లేపిన బండి, బయటికి పొడుచుకొచ్చిన టైర్లు చూస్తే ఇన్‌స్పెక్టర్ ఏమంటాడో నేను చెప్పక్కర్లా. మామూలు ఇన్సూరెన్సు పాలసీ తీసి చదవండి, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ అన్నీ మినహాయింపులో ఉంటాయి. ఈవెంట్‌కి వెళ్లేముందు నిర్వాహకుల్ని అడగండి ఏ కవర్ ఉందో.

గుంటూరు ఘాటు:

ఈయన పెళ్లికొచ్చి కూడా ఆధార్ జిరాక్స్ అడిగే టైపు 😂 కానీ కరెక్టే చెప్పాడు.

బెజవాడ జిప్సీ:

అప్‌డేట్. ఆదివారం స్టాండ్ల మీద ఎత్తి అన్న చెప్పినట్టే చూశా. కుడి చక్రం తిప్పితే ఎడమది ఉలుకూ పలుకూ లేదు. ఎడమ హబ్ విప్పితే లోపల గ్రీజు కాదు, బెల్లం పాకం ముదిరినట్టు గట్టిగా ఏదో ఉంది, రింగు దాంట్లో ఇరుక్కుపోయింది. రెండు గంటలు కడిగా. ఇప్పుడు టక్ మని శబ్దం వచ్చి పడతంది, తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతంది.

ఆగలేక నిన్న వాన వెలిశాక మళ్లీ అదే డొంకకి పోయా. ఈసారి నిజంగా ముందు చక్రాలు లాగాయి, మొదటిసారి దిగబడ్డ చోటు దాటేసి ఇంకో నలభై గజాలు పోయాక మళ్లీ దిగబడ్డా. అదే రైతు, అదే ట్రాక్టరు. తాడు కడతా "పోయినసారి కంటే నయమే" అన్నాడు.

టైర్ల ఆర్డరు ఆపేశా. రేడియేటర్, బుష్‌లు, బ్రేకులకి ఇస్తున్నా. ఇంకో విషయం, మా ఆవిడ లెక్కల టీచరు, పక్క సీటు గారు రాసిన 98 సెకన్ల లెక్క చూపించా, ఫోన్ లాక్కుని మొత్తం చదివి ట్యులిప్ బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి అంది. వస్తానంది, కానీ ఒక షరతు, ఆ సీటు మార్చాలంట. జిప్సీకి నడుం పట్టే సీటు ఏ బండిది సరిపోయిద్ది?

ఆటోనగర్ షెడ్డు:

బండి తీసుకురా, అమ్మాయిని కూడా తీసుకురా, కూర్చోబెట్టి చూసి చెప్పాలి. కొలతలు, బెల్టు బిగించే బోల్టులు కలిస్తేనే వేద్దాం, ఉత్త షీటుకి బోల్టు వేసి బిగిస్తే గుద్దినప్పుడు సీటుతో సహా ఊడొస్తది. వచ్చేటప్పుడు ఆ రెండో హబ్ కూడా విప్పి కడిగి రా.