6వ హోల్లో రెండో షాట్ చెరువులోకే పోతోంది, ఏ క్లబ్ కొట్టాలి?

శ్రీను, కాకినాడ – రాత్రి 9:40
అందరికీ నమస్కారం అండి. సాయంత్రం ఐదింటి నుంచి వీడియోలు చూస్తూ కూర్చున్నాను, ఒక్కటీ పనికి రాలేదు. విశాఖ వెళ్లి ఆడే గోల్ఫ్ కోర్సులో 6వ హోల్, పార్ 4, అంటే నాలుగు షాట్లలో పూర్తి చేయాల్సింది. గ్రీన్ (జెండా ఉండే పచ్చిక) ముందు అడ్డంగా వాటర్ హజార్డ్, పెద్ద చెరువే. డ్రైవ్, అదే మొదటి షాట్, బాగానే పడుతోంది. రెండో షాట్‌కి, దూరం కొలిచే లేజర్ జెండాకి 150 చూపిస్తుంది. నా 7 ఐరన్ 150 వెళ్తుంది. అయినా బంతి నీళ్లలోకే. మొన్న ఆదివారం రెండు బంతులు, ముందు వారం మూడు. అక్కడే ఇంకోటి పెట్టి కొట్టినా అంతే. మిగతా హోల్స్‌లో ఇదే 7 ఐరన్ శుభ్రంగా పనిచేస్తోంది. స్వింగ్ తేడానా, షాఫ్ట్ (క్లబ్ కర్ర) మార్చాలా? ఎవరైనా సూటిగా చెప్పండి, విసుగొచ్చేసింది.

వర్మ, భీమవరం – 9:46
150 ఏమిటి? గజాలా, మీటర్లా? క్యారీయా, అంటే గాల్లో వెళ్లే దూరమా, దొర్లి ఆగాకా?

సత్తిబాబు, పాలకొల్లు – 9:58
శ్రీను గారూ, క్లబ్ సంగతి తర్వాత. అక్కడే ఇంకోటి పెట్టి కొట్టానన్నారు, అలా కొట్టాలని ఎవరు చెప్పారండి? బంతి కోర్సు హద్దు చూపే తెల్ల కర్రల అవతలికి పోతే వెనక్కొచ్చి కొట్టాలి. నీళ్లకి ఆ అవసరం లేదు. ఒక పెనాల్టీ స్ట్రోక్ వేసుకోండి. బంతి చివరిసారి చెరువు హద్దు దాటిన చోటు నుంచి జెండాకి తాడు లాగి కట్టినట్టు ఊహించుకుని, ఆ తాడు వెంబడే వెనక్కి నడిచి మీకు నచ్చిన దూరంలో డ్రాప్ చేయండి. మోకాలి ఎత్తు నుంచి వదలాలి, భుజం ఎత్తు నుంచి వదిలే పద్ధతి 2019లో పోయింది. చెరువు హద్దుకి పాతినవి పసుపు కర్రలైతే ఉన్నవి ఈ రెండు దారులే: పాత చోటు నుంచి కొట్టడం, తాడు మీద వెనక్కి వెళ్లడం. ఎర్ర కర్రలైతే మూడోది కూడా ఉంది. హద్దు దాటిన చోటు నుంచి రెండు క్లబ్ పొడవుల్లోపు, జెండాకి దగ్గర కాకుండా. క్లబ్ పొడవంటే పుటర్ కాకుండా మీ బ్యాగులో అన్నిటికన్నా పొడవైనది, సాధారణంగా డ్రైవర్.

బంతి అవతలి గట్టుకి తగిలి వెనక్కి దొర్లి పడినప్పుడు చాలామంది గట్టు మీదే డ్రాప్ చేసేస్తారు. పసుపు కర్రలైతే, ఆ గట్టు నుంచి తాడు వెంబడే వెనక్కి వెళ్తే వచ్చేవి నీళ్లే కాబట్టి అది చెల్లదు.

ఇంకోటి, ‘వాటర్ హజార్డ్’ అనకండి. 2019 నుంచి ఆ మాట రూల్ పుస్తకంలో లేదు. ‘పెనాల్టీ ఏరియా’ అనాలి. నీటిచుక్క లేని గుంటకి కూడా కర్రలు పాతి పెనాల్టీ ఏరియా చేయొచ్చు, అందుకే మాట మార్చారు. ఇంతకీ మీ చెరువు కర్రలు ఏ రంగు?

రమణ, అమలాపురం – 10:07
బాబాయ్ గారూ, హజార్డ్ అంటే అందరికీ అర్థమవుతుంది కదండీ, ఇప్పుడు ఆ తగువెందుకు.
శ్రీను, షాఫ్ట్ జోలికి వెళ్లకు. నేల చూశావా? వానలు పడ్డాక ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి) చెమ్మగా ఉంటే డ్రైవ్ దొర్లదు, పడిన చోటే ఆగుతుంది. రెండో షాట్‌లో క్లబ్ బంతికి అర అంగుళం వెనకే నేలకి తగిలినా మట్టిలోకి దిగిపోయి 15, 20 గజాలు మింగేస్తుంది. ప్రాక్టీస్ రేంజ్‌లో చాప మీద అదే తప్పు చేస్తే క్లబ్ జారిపోయి బంతి బాగానే ఎగురుతుంది, కాబట్టి నీకు తెలియదు. తడి నేల మీద బంతిని కాళ్ల మధ్య సగం బంతంత వెనక్కి పెట్టుకో, ఒక నంబర్ పెద్ద క్లబ్ (7 బదులు 6) తీసుకుని ముప్పాతిక స్వింగ్‌తో కొట్టు. డ్రైవ్ ఫెయిర్‌వేలో పడి తన గుంటలో తనే కూరుకుపోతే పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు, వెనక ఒక క్లబ్ పొడవులో డ్రాప్. పాదాల కింద నీళ్లు ఉబికినా అంతే, నీళ్లు తగలని దగ్గరి చోటు చూసుకుని అక్కడి నుంచి ఒక క్లబ్ పొడవు. ఈ రెండూ చాలామంది వాడుకోరు.

శ్రీను, కాకినాడ – 10:15
రమణ గారూ, తడి లేదండి, నేల గట్టిగానే ఉంది. సత్తిబాబు గారూ, నీళ్లకి వెనక్కి నడిచే రూల్ తెలియదు, మాతో ఆడేవాళ్లంతా అక్కడే కొడతారు. కర్రల రంగు గమనించలేదు. సరే, 6 ఐరన్ తీసుకోమంటారా?

వర్మ, భీమవరం – 10:17
గజాలా, మీటర్లా?

లక్ష్మి, రాజమండ్రి – 10:24
శ్రీను గారూ, వర్మ గారు అడిగింది చెప్పండి ముందు. దాంతోపాటు ఇవీ కావాలి: మీ కోర్స్ హ్యాండిక్యాప్ (మీకిచ్చే అదనపు స్ట్రోకులు) ఎంత, కార్డు మీద ఆ హోల్ స్ట్రోక్ ఇండెక్స్ (కష్టంలో ఎన్నోదో) ఎంత, హోల్ పొడవెంత, మీ డ్రైవ్ ఎంత, ఏ వేళకి ఆడతారు. జెండాకి ఒక్కసారే లేజర్ కొట్టారా, చెరువు అవతలి గట్టుకి కూడా కొట్టారా?

శ్రీను, కాకినాడ – 10:38
హ్యాండిక్యాప్ 22. స్ట్రోక్ ఇండెక్స్ 3. కార్డులో 385 గజాలు అని ఉంది. డ్రైవ్ 220 దాకా వెళ్తుంది. ఆ హోల్‌కి వచ్చేసరికి పదకొండవుతుంది. గట్టుకి కూడా కొట్టాను, అవతలి గట్టు 138, ఇవతలి అంచు 112. అందుకే 7 ఐరన్ సరిపోతుందనుకున్నా. గజాలే కదండీ, అందరూ గజాలే వాడతారు.

వర్మ, భీమవరం – 10:44
385లో 220 తీసేస్తే 165. మీ లేజర్ 150 అంటోంది. 150 మీటర్లంటే 164 గజాలు. తెర మీద అంకె పక్కన చిన్న అక్షరం చూడండి.

శ్రీను, కాకినాడ – 10:52
ఎం అని ఉంది.

వర్మ, భీమవరం – 10:53
అదే.

లక్ష్మి, రాజమండ్రి – 11:09
ఇప్పుడు లెక్క కుదిరింది. మీటర్‌కి 1.094 గజాలు. ఇవతలి అంచు 122, అవతలి గట్టు 151, జెండా 164. మీ 7 ఐరన్ దొర్లుడుతో కలిపి 150 అయితే గాల్లో 140కి కాస్త పైన. అంటే మీరు బాగా కొట్టిన బంతి కూడా నీళ్ల నడిమికే పోతుంది. స్వింగ్‌లో తప్పేం లేదండి.

మిగతా హోల్స్‌లో ఎందుకు తెలియలేదంటే, అక్కడ గ్రీన్ ముందు ఖాళీ గడ్డి. గాల్లో తక్కువ పడ్డ బంతి గట్టి నేల మీద దొర్లి, జెండాకి 14 గజాల ముందు గ్రీన్ అంచున ఆగుతుంది, బాగా కొట్టాననిపిస్తుంది. ఇక్కడ అదే తక్కువ నీళ్లలో తేలింది.

గాలి కూడా కలపండి. పదకొండుకి సముద్రపు గాలి లేస్తుంది. ఆ హోల్లో మొహానికి కొడుతోందా, వెనకాలా? నిలబడ్డచోట గడ్డి పరకలు ఎగరేస్తే సరిపోదు, గ్రీన్ వెనక సరుగుడు చెట్ల కొసలు చూడండి, బంతి ఎగిరేది ఆ ఎత్తులోనే. గంటకి 10 మైళ్ల ఎదురుగాలికి సుమారు పదిశాతం కలుపుకోవాలి, అంటే 164 కాస్తా 180. వెనకగాలికి అందులో సగమే తీసేయాలి, అయిదు శాతం. ఎదురుగాలిలో గట్టిగా కొడితే బంతికి తిరుగుడు ఎక్కువై పైకి లేచి అక్కడే చతికిలబడుతుంది. రెండు నంబర్లు పెద్దది తీసుకుని మెల్లగా కొట్టాలి.

శ్రీను, కాకినాడ – 11:16
గాలి ఎదురే అండి, ఎక్కువేం కాదు గానీ ఉంటుంది. అయితే 5 వుడ్ కొట్టాలా? అది నేల మీద నుంచి పదిలో సగం సార్లే సరిగ్గా తగులుతుంది.

లక్ష్మి, రాజమండ్రి – 11:31
అదే అసలు ప్రశ్న. మీ హ్యాండిక్యాప్ 22, ఇండెక్స్ 3. ప్రతి హోల్‌కీ ఒక స్ట్రోక్, ఇండెక్స్ 1 నుంచి 4 దాకా రెండేసి. అంటే ఈ హోల్ మీకు పార్ 6. స్టేబుల్‌ఫోర్డ్‌లో, అంటే పాయింట్ల లెక్క ఆటలో, 6 కొడితే 2 పాయింట్లు, 5 కొడితే 3. రెండో షాట్‌లో గ్రీన్ ఎక్కాలని మిమ్మల్ని ఎవరూ అడగట్లేదు.

చెరువు ముందే ఆపడానికి పిచింగ్ వెడ్జ్‌తో సులువుగా 98 గజాలు కొట్టండి. ఇవతలి అంచు 122 కదా, బంతి దొర్లినా ఇంకా 15 గజాల దాకా ఖాళీ మిగులుతుంది. జెండాకి 66 గజాలు, అవతలి గట్టుకి 53. శాండ్ వెడ్జ్ దానికి సరిపోతుంది. మూడో షాట్ గ్రీన్ మీద, రెండు పుట్లు (గ్రీన్ మీద దొర్లించే షాట్లు), 5. మూడు పుట్లైనా 6, రెండు పాయింట్లు చేతిలో ఉంటాయి.

ఇప్పుడు దాటిద్దామనుకుంటే: దాటిన ప్రతిసారీ సగటు 4.7, నీళ్లలో పడిన ప్రతిసారీ సత్తిబాబు గారు చెప్పినట్టు డ్రాప్ చేస్తే 6.3, ముందే ఆపితే 5.3 అనుకుందాం. పదిలో 7 సార్లు దాటగలిగితే సగటు 5.18, లాభమే. 6 సార్లు దాటితే 5.34, నష్టం మొదలైంది. మీ 5 వుడ్ సగమే అన్నారు. కాబట్టి వద్దు. ఇక అక్కడే ఇంకో బంతి పెట్టి అదీ నీళ్లలోకి పంపితే 8 దాకా పోయి పాయింటు సున్నా.

సత్తిబాబు, పాలకొల్లు – 11:38
చూశారా, నేను మొదటే చెప్పింది అదే. తాడు మీద వెనక్కి వెళ్లేటప్పుడు చెరువు అంచునే డ్రాప్ చేయకండి. అక్కడి నుంచి 45 గజాల అర స్వింగ్, అది కష్టమైన షాట్. ఇంకో 20 గజాలు వెనక్కి నడిస్తే లక్ష్మి గారు చెప్పిన 65 గజాల షాటే వస్తుంది. రూల్ అనుమతిస్తుంది, దూరానికి పరిమితి లేదు.

రమణ, అమలాపురం – 11:45
డ్రైవ్ రఫ్‌లో, అంటే ఫెయిర్‌వే పక్క పొడవు గడ్డిలో, పడితే దాటించే ఆలోచన అసలు వద్దు శ్రీను. మన కోర్సుల్లో రఫ్ అంటే గరికే. వాళ్లు బెర్ముడా అనేదీ మన గరికే. అందులో బంతి పైన నిలవదు, వేళ్ల దాకా దిగిపోతుంది. వుడ్‌గానీ హైబ్రిడ్‌గానీ పెడితే గడ్డి హోసెల్‌ని (షాఫ్ట్ క్లబ్ తలకి కలిసే మెడని) పట్టుకుని క్లబ్ ముఖాన్ని ఎడమకి తిప్పేస్తుంది. 9 ఐరన్‌తో ఫెయిర్‌వేలోకి తీసుకురా, చాలు. లేజర్‌లో స్లోప్ కూడా ఆన్ చేసుకో, ఎత్తుపల్లాలు అదే చెబుతుంది.

వర్మ, భీమవరం – 11:48
పోటీలో స్లోప్ వాడకూడదు. దూరం కొలవడం వరకే అనుమతి, రూల్ 4.3.

రమణ, అమలాపురం – 11:50
పోటీలో అన్నానా? ప్రాక్టీస్‌కే అన్నాను.

లక్ష్మి, రాజమండ్రి – 11:57
ఇంకొక్కటి, శ్రీను గారూ. మీ క్లబ్ దూరాలు మళ్లీ కొలుచుకోండి. ఉదయాన్నే మంచు తడి ఉన్నప్పుడు 7 ఐరన్ 20 బంతులు కొట్టి, బంతి ఆగిన చోటు కాదు, నేలకి తగిలి గుంట పడిన చోటుకి లేజర్ కొట్టండి. రేంజ్ బంతులు తక్కువ వెళ్తాయి, మీరు ఆడే బంతులే తీసుకెళ్లండి. పెద్దవి రెండు, చిన్నవి రెండు వదిలేసి, మిగిలిన పదహారింటిని వరసలో పెట్టి కింది నుంచి నాలుగోది చూడండి. నీళ్లు ఎదురుగా ఉన్నప్పుడు మీ అంకె అదే, ఎప్పుడో ఒకసారి తగిలిన మంచి బంతి కాదు. పార్ 3 గ్రీన్ల మీద కూడా మీ గుంట వెతికి పట్టుకుని దాని నుంచి టీకి, అంటే మొదటి షాట్ కొట్టిన చోటుకి, అడుగులు లెక్కేయండి. కుడి ఎడమలు ఎంత వెడల్పుగా పడ్డాయో అదీ రాసుకోండి. జెండా ఏ మూల ఉన్నా గ్రీన్ నడిమికే కొట్టడం ఎందుకో ఆ కాగితమే చెబుతుంది.

సత్తిబాబు, పాలకొల్లు – ఉదయం 6:20
గజం అంటే యార్డే, 3 అడుగులు, 0.9144 మీటర్లు. మన స్థలాల లెక్కలో గజమంటే దీని చదరపు గజం. ఇది ఎందుకు చెబుతున్నానంటే కొత్త లేజర్లు పెట్టెలోంచి తీసేసరికి మీటర్లలో ఉండొచ్చు. మొదట చేయాల్సిన పని ఆ అక్షరం చూసుకోవడం.

వర్మ, భీమవరం – 6:31
మోడల్‌ని బట్టి మోడ్ బటన్ నొక్కి పట్టుకుంటే మారుతుంది. బ్యాటరీ తీసి మళ్లీ వేశాక ఓసారి చూసుకోండి, కొన్ని పాత సెట్టింగ్‌కి వెళ్లిపోతాయి.

శ్రీను, కాకినాడ – 8:05
మార్చానండి, ఇప్పుడు వై చూపిస్తోంది. ఆదివారం వెడ్జ్‌తో ముందు ఆపి చూస్తాను. అందరికీ థాంక్స్.

సత్తిబాబు, పాలకొల్లు – 8:12
శ్రీను గారూ, కర్రల రంగు చూసి రాయండి. ఎర్రవైతే పక్కకి జరిగే దారి కూడా ఉంటుంది.