పైచదువు చదివాక మీ తరగతి గదిలో ఏం మారింది? (మిషన్ బడుల టీచర్లకు)

విజయనగరం టీచర్:
అందరికీ వందనాలు. మిషన్ బడిలో పదకొండేళ్లుగా ఐదో తరగతికి చెబుతున్నాను. బి.ఎడ్. ఉంది. ఎం.ఎడ్. చేద్దామంటే రెండేళ్లు రోజూ కాలేజీకి వెళ్లాలి, ఉద్యోగం మానుకోవాలి. దూరవిద్యలో ఎం.ఎ. ఎడ్యుకేషన్ అయితే మానక్కర్లేదు. జీతం సంగతి అడగడం లేదు. చదివాక పిల్లల దగ్గర మీలో మార్పు వచ్చిందా?

నాగావళి ఒడ్డు:
టీచర్ గారూ, నేను ఉద్యోగం చేస్తూనే ఎం.ఎ. ఎడ్యుకేషన్ పూర్తి చేశాను. ప్రాజెక్టుకు మూడో తరగతి పిల్లలు తీసివేతల్లో చేసే తప్పులు తీసుకున్నాను. ఒక బాబు 63లోంచి 28 తీస్తే 45 అనీ, 71లోంచి 34 తీస్తే 43 అనీ వేసేవాడు. పూర్వమైతే ఎర్ర సిరాతో ఇంటు కొట్టి, పదిసార్లు రాయమనేదాన్ని. ఈసారి పక్కన కూర్చోబెట్టుకుని “ఎలా చేశావో చెప్పు నాన్నా” అన్నాను. “పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని మీరే చెప్పారు కదా టీచర్” అన్నాడు. మూడులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి మూడు తీశాడు. నేను చెప్పిన మాటే తు.చ. తప్పకుండా పాటించాడు! చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పి చూపించాను. రెండు రోజుల్లో పట్టుకున్నాడు. అంతకుముందు నేను పదిసార్లు రాయించిన పిల్లలంతా గుర్తొచ్చి ఆ రాత్రి ప్రార్థనలో ఏడ్చాను.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. మాకు తరగతులు ఎక్కువగా ఆదివారాలే పెట్టేవారు, ఆరాధన తప్పిపోయేది. పాస్టరు గారు మొదట నొచ్చుకున్నారు. తర్వాత ఆయనే శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన పెట్టారు.

బొబ్బిలి మాస్టారు:
నేను ట్రైనింగు మాత్రమే చేసి ముప్పై ఏళ్లు చెప్పాను తల్లీ. పిల్లవాడి టిఫిను గిన్నె చూసి ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పగలిగిన టీచరమ్మలతో పనిచేశాను. అది వాళ్లకు ఏ విశ్వవిద్యాలయం నేర్పింది? పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు ఎవరు చెబితే గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు? 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చు వేయించేదాకా వదలలేదు. చదువుకోవద్దని అనను. పిల్లల మీద మమకారం లేనివారికి మాత్రం ఆ పట్టా అక్కరకు రాదు.

మెళియాపుట్టి వైపు టీచర్:
మాస్టారూ, నమస్కారం. మమకారం నాకూ ఉండేది, అయినా తప్పు చేశాను. మా బడిలో సవర పిల్లలు ఎక్కువ. ఒకటో తరగతిలో ఒక పాప నాలుగు నెలలు నోరు విప్పలేదు. “వెనకబడిన పిల్ల” అని రిజిస్టరులో రాసింది నేనే. ఎం.ఎడ్.లో ఇంటి భాషకూ బడి భాషకూ ఉన్న దూరం గురించి చదువుతున్నప్పుడు ఆ పాప ముఖమే కళ్లముందు మెదిలింది. తిరిగి బడిలో చేరాక సవర తెలిసిన మా ఆయాను తరగతిలో కూర్చోబెట్టి, బైబిల్లోని తప్పిపోయిన గొర్రె కథ వాళ్ల భాషలో చెప్పించాను. అప్పటికి మూడో తరగతికి వచ్చిన ఆ పాప లేచి నిలబడి ఏదో అడిగింది. “కాపరి ఆ ఒక్కదాని కోసం వెళ్లిపోతే మిగతా తొంభై తొమ్మిదింటినీ ఎవరు చూశారు?” అని ఆయా తెలుగులో చెప్పింది. ఎన్నో ఏళ్లుగా ఆ బైబిలు వాక్యం పిల్లలతో కంఠస్థం చేయించాను, ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. అడిగే వీలు నేనిస్తే కదా!

ఎం.ఎడ్. వైపు మొగ్గితే ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం పరిధిలో సీట్ల సంగతి కనుక్కోండి. ఇంకో మాట, పట్టా వచ్చాక మా యాజమాన్యం రికార్డుల పనంతా నాకే అప్పగించింది, పిల్లలతో గడిపే గంటలు తగ్గిపోయాయి. వారానికి ఎన్ని పీరియడ్లు ఇస్తారో మీరు ముందే మాట్లాడుకోండి.

బొబ్బిలి మాస్టారు:
ఆ పాప ప్రశ్న నన్ను ఆపేసిందమ్మా. నన్నూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

విజయనగరం టీచర్:
ఆదివారాల సంగతి మా సంఘంలో మాట్లాడి, ఎం.ఎ.కి దరఖాస్తు పెడతాను. ఈ రాత్రికి మాత్రం మా పిల్లల లెక్కల పుస్తకాలు ముందేసుకున్నాను. నలభై రెండు ఉన్నాయి. తీసివేతల్లో నేను ఇంటు కొట్టినవన్నీ మళ్లీ చూస్తున్నాను.