మూడేళ్ళుగా అదే నడక, అదే 58 నిమిషాలు. వేగం పెరగాలంటే ఏం చెయ్యాలి?

ప్రశ్న (పాలకొల్లు దగ్గర పల్లెటూరు, వయసు 54)

అందరికీ నమస్కారం అండి. రోజూ తెల్లారకుండా లేచి కాలువ గట్టు మీద 5 కిలోమీటర్లు నడుస్తాను. మూడేళ్ళ కిందట మొదలెట్టినప్పుడు 58 నిమిషాలు పట్టేది, ఇప్పటికీ 58 నిమిషాలే. నిన్నమొన్నటిదాకా దాని గురించి బెంగ లేదు. హైదరాబాదులో ఉండే మా అమ్మాయి జనవరి ఆఖర్లో జరిగే 21.1 కిలోమీటర్ల పరుగుకి తనతో పాటు నా పేరూ రాయించేసింది. పరిగెత్తక్కర్లేదు నాన్నా, నడిచినా మెడల్ వేస్తారంది. తీరా చూస్తే గడువు మూడున్నర గంటలు. నా నడకన నాలుగు గంటలు దాటిపోతుంది.

పది రోజుల్నించి పెద్ద పెద్ద అంగలు వేసి చూస్తున్నాను. వేగం పెరిగింది లేదు గానీ, మోకాలి కింద ముందువైపు ఎముక పొడవునా ఒకటే సలుపు. బీపీకి బిళ్ళ వేసుకుంటాను, షుగరు లేదు. ఇప్పుడు ఆగస్టు, ఇంకా ఐదు నెలలుంది. అవుతుందంటారా?

జవాబు (అమలాపురం, రిటైరైన డ్రిల్లు మాస్టారు)

అవుతుంది. ముందు ఆ పెద్ద అంగలు ఈ పూటే మానెయ్యండి. రేపు పొద్దున్న ఒళ్ళు వేడెక్కాక, ఫోన్లో 30 సెకన్లు పెట్టుకుని రెండు కాళ్ళ అడుగులూ కలిపి లెక్కపెట్టండి. మూడు చోట్ల లెక్కపెట్టి ఇక్కడ రాయండి. ఆ 5 కిలోమీటర్లు ఎలా కొలిచారో కూడా చెప్పండి. ఫోను చెప్పిన దూరమైతే నేను నమ్మను.

జవాబు (రాజోలు)

ఎందుకండీ ఈ లెక్కలన్నీ? మా తాతగారు సఖినేటిపల్లి రేవు దాకా నడిచెళ్ళి, పంటు దాటి నరసాపురంలో పని చూసుకుని, పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండేవారు. ఆయన అడుగులు లెక్కపెట్టింది లేదు, కాలికి చెప్పు వేసింది లేదు. దూరం పెంచుకుంటూ పొండి, వేగం అదే వస్తుంది. ఆయ్!

పాలకొల్లు

మాస్టారూ, లెక్క 56, 55, 56 వచ్చింది. దూరం సైకిలుతో కొలిచానండి. ముందు చక్రం చువ్వకి ఎర్ర దారం కట్టి నడిపించుకుంటూ వెళ్ళాను. చక్రం ఒక చుట్టు తిరిగితే 2.2 మీటర్లు. లాకుల దగ్గర మర్రిచెట్టు దాకా 1136 చుట్లు, తిరిగి రావడానికీ అంతే. సగంలో ఒకాయన ఆపి ఊడ్పులు అయిపోయాయా అని అడిగితే లెక్క తప్పి మళ్ళీ మొదటికొచ్చాను.

జవాబు (అమలాపురం, మాస్టారు)

చక్రంతో కొలిచారంటే సగం పని మీరే చేసేశారు. ఇప్పుడు చూడండి. మీ లెక్కన నిమిషానికి 112 అడుగులు. 58 నిమిషాలకి 6,496. 5,000 మీటర్లని దాంతో భాగిస్తే మీ అడుగు 77 సెంటీమీటర్లు. మూడున్నర గంటల్లో 21.1 కిలోమీటర్లంటే కిలోమీటరుకి 10 నిమిషాల లోపు, అంటే నిమిషానికి 100 మీటర్ల పైచిలుకు. అదే 77 సెంటీమీటర్ల అడుగుతో నిమిషానికి 130 వేస్తే ఎంతైంది? 100 మీటర్లు. మీ అడుగు ఒక్క అంగుళం పెరగక్కర్లేదండి. 30 సెకన్లకి 56 పడుతున్నది 65, 66 పడితే చాలు.

కాలు ఎదరకి చాపి వేస్తే ఏమవుతుందో తెలుసా? మడమ ఒంటికి ఎంతో ముందు పడుతుంది. ఆ కాలే బ్రేకు. ప్రతి అడుగుకీ బ్రేకు వేసి మళ్ళీ తోసుకోవాలి. కాలు ఒంటి కిందకి దగ్గరగా పడాలి, తోపు వెనక బొటనవేలి నుంచి రావాలి. నారు కట్టలు కావడిలో మోసేవాళ్ళని ఈ ఊడ్పుల్లో గట్టు మీద నిలబడి ఓసారి చూడండి. ఒక్కడైనా బారు అంగ వేస్తాడేమో! చిన్న అడుగులు, టకటకా పోతాడు. వెనకాల ఖాళీ చేతులతో నడిచే మనం అందుకోలేం. వేగం పెరిగే కొద్దీ అడుగు కూడా దానంతటదే వెనకనుంచి కాస్త పెరుగుతుంది. దాన్ని మీరు లాగి పెంచొద్దు.

ఇక చేతులు. చాలామంది చేతులు వేలాడేసి నడుస్తారు. పొడుగు తాడుకి కట్టిన రాయి నెమ్మదిగా ఊగుతుంది, పొట్టి తాడుకి కట్టింది గబగబా ఊగుతుంది. చెయ్యీ అంతే. మోచెయ్యి నిలువుగా మడవండి, చెయ్యి వేగంగా ఊగితే కాలు దాని వెంట రాక తప్పదు. మోచెయ్యి వెనక్కి వెళ్ళాలి, గుప్పిట ఎదర రొమ్ము ఎత్తు దాటకూడదు. గుప్పిట్లో కోడిపిల్ల ఉందనుకోండి, అంత వదులుగా. చూపు నేల మీద కాదు, పదిహేను ఇరవై గజాల అవతల. ఫోన్లో మెట్రోనోమ్ యాప్ వేసుకోండి, నిమిషానికి ఇన్నని పెడితే అన్నిసార్లు టిక్కుటిక్కుమంటుంది, టిక్కుకో అడుగు. మొదటి వారం 116కి పెట్టండి, తర్వాత వారానికి రెండేసి పెంచండి. ఒక్కసారే 130కి దూకితే పది నిమిషాల్లో ఆయాసమొచ్చి మానేస్తారు.

వారంలో రెండు రోజులే గట్టి పని. మంగళవారం పది నిమిషాలు నిదానంగా నడిచి, తర్వాత ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు మామూలుగా, అలా ఎనిమిదిసార్లు. శుక్రవారం మీరు కొలిచిన దారిలో కిలోమీటరు చొప్పున మూడుసార్లు, మధ్యలో నాలుగు నిమిషాలు నింపాదిగా. మొదటి నెల కిలోమీటరు 10 నిమిషాల 30 సెకన్లకి, నవంబరుకి 9 నిమిషాల 45 సెకన్లకి రావాలి. ఆదివారం దూరం, వేగం గొడవ లేదు. 7, 8, 9 అలా వారానికొక కిలోమీటరు, నాలుగో వారం తగ్గించి మళ్ళీ ఎక్కడం. పోటీకి మూడు వారాల ముందు 17 తాకితే చాలు, మిగతాది ఆ రోజు జనమే నడిపిస్తారు. సోమవారం పూర్తిగా సెలవు. మిగతా రోజులు కబుర్లు చెప్పుకుంటూ నడవండి. మూడేళ్ళుగా మీరు కదలనిది ఇందుకే: రోజూ ఒకే నడక నడిస్తే ఒళ్ళు దానికి అలవాటుపడి కూచుంటుంది.

రాజోలు వారికి: మీ తాతగారు చిన్నప్పట్నించీ ఉత్త కాళ్ళతో నడిచారు. ఈయన 54 ఏళ్ళు చెప్పులేసుకుని ఇవాళ వదిలేస్తే కాలు ఊరుకోదండి.

జవాబు (భీమవరం, ఫిజియోథెరపీ చేస్తాను)

ఆ సలుపు గురించి నేను చెబుతాను బాబాయ్ గారూ. అడుగు వేసేటప్పుడు కాలి ముందు భాగాన్ని పైకెత్తి పట్టుకునే కండరం ఆ ఎముక పక్కనే ఉంటుంది. అంగ పెద్దదైతే పాదం ఎక్కువ పైకెత్తాలి, మడమ పడ్డాక టప్‌మని కొట్టుకోకుండా నెమ్మదిగా దించాలి. పది రోజులు దాని చేత కూలి ఎక్కువ చేయించారు. ఒక వారం మామూలు నడకే నడవండి. గోడకి వీపు ఆనించి, మడమలు అడుగు దూరంలో పెట్టి, పాదాల ముందు భాగం పైకెత్తి దించడం 15 సార్లు, రోజుకి మూడు విడతలు. పిక్కలకి రేవు మెట్టు చాలు: పాదం ముందు సగం మెట్టు మీద ఉంచి మడమ కిందకి దించి అరనిమిషం పట్టుకోండి. పాచి లేని మెట్టు చూసుకోండి.

నొప్పి పొడవునా కండ సలుపులా ఉండి, నిదానిస్తే తగ్గుతుంటే భయం లేదు. ఎముక మీద ఒక్కచోట వేలు పెడితే చురుక్కుమన్నా, రాత్రి పడుకున్నాక కూడా లాగుతున్నా నడక ఆపి డాక్టరుకి చూపించాలి. ఇంకో మాట. కొన్ని రకాల బీపీ బిళ్ళలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, అందుకని చేతి వాచీ చూపించే అంకెలు పట్టుకుని కూర్చోకండి. మామూలు రోజు హాయిగా మాట్లాడగలగాలి, గట్టి రోజు మూడు నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాలి. అదే కొలత. గుండెలో బరువు, దవడకో ఎడం చేతికో లాగడం, కళ్ళు తిరగడం ఉంటే అక్కడే కూర్చుని ఎవర్నైనా పిలవండి. మొదలెట్టే ముందు బిళ్ళలు రాసిన డాక్టరుకి ఒక మాట చెప్పడం మర్చిపోవద్దు.

అన్నట్టు గట్టు ఏ పక్కకి వాలి ఉందో చూసుకున్నారా? బళ్ళు ఎదురుగా కనబడాలని కుడి వారనే నడుస్తారు, మంచిదే. కానీ వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కుడి వారే అయితే ఎప్పుడూ కుడి పాదమే పల్లంలో పడుతుంది. గట్టి రోజుల్లో హైస్కూలు గ్రౌండుకి వెళ్ళండి.

ప్రశ్న (తణుకు, గృహిణి)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు షుగరుంది, బిళ్ళలు వాడుతున్నాను. చీరలోనే నడుస్తాను, కాళ్ళకి మామూలు చెప్పులే. మా వీధిలో కుక్కలు కూడా. మాలాంటివాళ్ళు వేగం పెంచొచ్చా?

జవాబు (భీమవరం)

పెంచొచ్చు అక్కా. చీరతో అడుగు ఎలాగూ చిన్నదే పడుతుంది, మాస్టారు చెప్పేదీ అదే కదా! చెప్పులు మాత్రం వద్దు. అవి జారకుండా వేళ్ళతో బిగించి పట్టుకోవాలి, వేగంగా నడవడం అవదు. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. వేళ్ళ ముందు బొటనవేలంత చోటుండాలి. రెండు చేతులతో వంచితే బూటు వేళ్ళ దగ్గర వంగాలి, మడమ మరీ ఎత్తుండకూడదు. షుగరున్నవాళ్ళు ఇంటికొచ్చాక రోజూ అరికాళ్ళు చూసుకోవాలి, స్పర్శ తగ్గితే బొబ్బ లేచినా తెలియదు. కొంగుకి మూడు చెంచాల పంచదార పొట్లం కట్టుకెళ్ళండి. వణుకో చెమటో పడితే వెంటనే నోట్లో వేసుకోవాలి. కుక్కలకి మా దగ్గర మందు లేదు, చేతిలో ఓ కర్ర ఉంచుకోండి.

ప్రశ్న (మండపేట, డిగ్రీ విద్యార్థి)

మాస్టారూ, టీవీలో నడక పోటీల వాళ్ళు నడుము తిప్పుతూ నడుస్తారు కదా. అంకుల్ కూడా అలా నేర్చుకోవాలా?

జవాబు (అమలాపురం, మాస్టారు)

అక్కర్లేదు. ఆయన వెళ్ళేది పరుగు పోటీకి, అందులో ఎలా నడిచినా ఎవరూ అడ్డుపెట్టరు. నడక పోటీ వేరు. దానికి రెండు నియమాలు: ఏ క్షణానా రెండు పాదాలూ నేల విడిచినట్టు కంటికి కనబడకూడదు, ఎదరకి వేసిన కాలు నేల తాకింది మొదలు ఒంటి కిందకి నిలువుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. ముగ్గురు జడ్జీలు ఎర్ర కార్డు రాస్తే బయటికి పంపిస్తారు, కొన్ని పోటీల్లో కాసేపు పక్కన నిలబెడతారు. మోకాలు వంచకూడదు కాబట్టి అడుగు పొడవు నడుము తిరగడంలోంచి రావాలి, అందుకే ఆ ఊపు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన కె.టి. ఇర్ఫాన్ 20 కిలోమీటర్లు 1 గంట 20 నిమిషాల 21 సెకన్లలో నడిచి పదో స్థానంలో వచ్చాడు. అంటే కిలోమీటరు 4 నిమిషాలు! మనం పరిగెత్తినా అందుకోలేం. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ప్రియాంకా గోస్వామి 10 కిలోమీటర్లు 43 నిమిషాల 38 సెకన్లలో నడిచి వెండి తెచ్చింది. 2026 నుంచి పెద్ద పోటీల్లో 20 కిలోమీటర్లు తీసేసి హాఫ్ మారథాన్ పెట్టారు, అదీ ఈయన దూరమే.

ఒకసారి మా కుర్రాణ్ణి జిల్లా పోటీకి తీసుకెళ్ళాను. సున్నం గీత మీద ఆఖరి చుట్టు దాకా మొదట ఉన్నాడు. వెనకవాడి అడుగుల చప్పుడు వినబడి కంగారు పడ్డాడు, మోకాళ్ళు వంగిపోయాయి, మూడో కార్డు పడింది. వాడు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచక సోడా ఇప్పించాను. నీకు సరదా ఉంటే రా, నేర్పుతాను.

పాలకొల్లు (అక్టోబరు)

మాస్టారూ, ఎముక సలుపు రెండు వారాల్లో పోయింది. 30 సెకన్లకి 61 పడుతున్నాయి. 5 కిలోమీటర్లు 53 నిమిషాలు. కానీ ముసురు పట్టి ఉక్కపోసిన రోజున ఎంత తన్నుకున్నా 56 నిమిషాల లోపు రాలేకపోతున్నాను. పైగా మా అమ్మాయి కొత్త కబురు చెప్పింది, అక్కడ దారిలో ఎత్తులున్నాయట. మన దగ్గర ఎత్తెక్కడుందండి?

జవాబు (అమలాపురం, మాస్టారు)

ఉక్క రోజున గడియారం చూడకండి. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లారదు, అదే కష్టానికి వేగం తగ్గుతుంది. మెట్రోనోమ్ ఆ రోజు 118కి దించుకోండి. గంట దాటే ఆదివారాలు ఉప్పేసిన మజ్జిగ సీసా వెంట ఉండాలి.

ఎత్తుకి ఏటిగట్టు ఉందిగా! ఊళ్ళోంచి గట్టు మీదకి ఎక్కే వాలు దారి చూసుకుని, ఎనిమిదిసార్లు ఎక్కి దిగండి, శుక్రవారం బదులు రెండు వారాలకోసారి. ఎక్కేటప్పుడు అడుగు ఇంకా చిన్నది చేసి చేతులు ఆడించండి, దిగేటప్పుడు మడమలు దడదడ కొట్టకండి. ఆదివారం తెల్లారే చించినాడ వంతెన మీదకి వెళ్ళినా సరే, కానీ లారీలు, మీ ఇష్టం. కోతలు మొదలయ్యాక రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, దాని మీద అడుగు జారుతుంది. గట్టు మీద పాములు కూడా, టార్చి లేకుండా దిగొద్దు.

పాలకొల్లు (జనవరి, సంక్రాంతి ముందు)

నిన్న ఆదివారం 16 కిలోమీటర్లు 2 గంటల 36 నిమిషాల్లో వచ్చానండి! మంచు దట్టంగా ఉంది, తెల్ల చొక్కా వేసుకున్నాను. తొడలు ఒరుసుకోకుండా కొబ్బరినూనె రాసుకున్నాను. ఆఖరి రెండు కిలోమీటర్లు 30 సెకన్లకి 66 పడ్డాయి. పండక్కి మా ఆవిడ అరిసెలు చేస్తోంది, ఎన్ని తినొచ్చో చెప్పలేదు మీరు. పోటీ రోజున ఎక్కడ నిలబడాలి? ముందా, వెనకా?

జవాబు (అమలాపురం, మాస్టారు)

బాగా వెనక. ముందు నిలబడితే పరిగెత్తేవాళ్ళు తోసుకుపోతారు, ఆ ఊపులో మీరూ పరిగెత్తేస్తారు. గడువు గంట కొట్టిన దగ్గర్నించా, మీరు గీత దాటిన దగ్గర్నించా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. కొత్త బూట్లు, కొత్త మేజోళ్ళు ఆ రోజు వద్దు. మొదటి 5 కిలోమీటర్లు 48 నిమిషాల 45 సెకన్లకి ఒక్క సెకను ముందు దాటినా నాకు ఫోన్ చెయ్యకండి. అరిసెలు రెండు.