పలాసలో 10 కిలోలు, హైదరాబాద్‌లో 9.960. ఇది గురుత్వాకర్షణ పనేనా?

పలాస జీడిపప్పు కొట్టు:
పోయిన నెల హైదరాబాద్‌లో మా బావమరిది గృహప్రవేశం. గుండు పప్పు పంపమన్నాడు. డబ్బాకి సీలు వేసి, డబ్బాతో సహా 10.000 చూపించాక కాటా అంకె ఫోటో కూడా తీసి పంపాను. వాళ్ల వీధి చివర కిరాణా కొట్టులో తూస్తే 9.960 వచ్చిందట. "ఇంట్లోవాళ్లకి కూడా తరుగేనా బావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. "ద్రవ్యరాశి ఎక్కడైనా ఒకటే నాన్నా, బరువే ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్ ఎత్తులో ఉంది కదా" అంటోంది. బావమరిదికి ఇదే చెప్పొచ్చా? చెబితే ఇంకా నవ్వుతాడా?

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు, విజయనగరం:
అమ్మాయి సూత్రం సరిగ్గానే చెప్పింది బాబూ, లెక్క వెయ్యలేదంతే. డబ్బాలో ఉన్న పదార్థం ఎంతో అది ద్రవ్యరాశి, 10 కిలోలు. దాన్ని భూమి లాగే బలం బరువు, పలాసలో దాదాపు 98 న్యూటన్లు. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, పైగా భూమధ్యరేఖకి కాస్త దగ్గర. రెండూ కలిపినా పది కిలోలకి తగ్గేది రెండు మూడు గ్రాములే. నలభై గ్రాములు తగ్గాలంటే పలాస నుంచి నిట్టనిలువుగా 12 కిలోమీటర్లు దాటి ఎక్కాలి. ఎవరెస్టు కూడా చాలదు!

చంద్రుడి మీదైతే మీ కాటా ఆ డబ్బాకి 1.65 చూపిస్తుంది. కానీ అదే డబ్బా జోరుగా వచ్చి మోకాలికి తగిలితే దెబ్బ ఇక్కడంతే. పాతకాలం తక్కెడలో అక్కడా 10 కిలోలే తూగుతుంది, రాళ్లూ పప్పూ ఒకేలా తేలికవుతాయి కాబట్టి.

కాశీబుగ్గ రైతు:
ఆరిపోయిందేమో చూశారా? మా జీడిపిక్కలు ఎండితే బస్తాకి కిలోల్లో తరుగు. అక్కడ నీరు పోయి ద్రవ్యరాశే తగ్గుతుంది.

కాటా మెకానిక్, శ్రీకాకుళం:
మాస్టారు చెప్పిన ఆ రెండు గ్రాములు కూడా ఇక్కడ రావండి. పళ్లెం కింద లోడ్ సెల్ అని లోహపు ముక్క ఉంటుంది. సరుకు పెడితే అది వెంట్రుకవాసి వంగుతుంది, ఆ వంపే అంకెగా మారుతుంది. కొలిచేది బలాన్ని, చూపించేది కిలోల్లో. అందుకే కాటా ఏ ఊళ్లో వాడతారో అక్కడే ముద్ర ఉన్న రాయి పెట్టి సరిచేస్తాం. అలా చేస్తే ఆ ఊరి గురుత్వం లెక్కలో కలిసిపోయినట్టే. మీ కాటానే బస్సెక్కించి తీసుకెళ్తే తప్ప ఆ తేడా రాదు. అనుమానం నాకు ఆ కొట్టు కాటా మీదే. 5 కిలోల రాయి పెట్టి చూడమనండి.

పలాస జీడిపప్పు కొట్టు:
సీలు తియ్యకుండానే తూచారు, కాబట్టి తేమ కాదు. బావమరిది పక్కవీధి కూరగాయలాయన దగ్గర ముద్ర ఉన్న 5 కిలోల రాయి అడిగి తెచ్చి, సంచిలో పెట్టి అదే కిరాణా కొట్టులో తూయించాడు. 4.980!

అంటే ఆ కొట్టాయన కిలోకి నాలుగు గ్రాములు అందరికీ ఎక్కువే ఇచ్చేస్తున్నాడు. మావాడు ఏడాదిగా బియ్యం కొంటున్నది అక్కడే. "ఆయనకి చెప్పావా?" అంటే, "చెబుతాలే బావా, ఈ నెల సరుకులు తెచ్చుకున్నాక" అంటున్నాడు.